ఎండీవర్‌కు ఏ గేర్‌బాక్స్ సరిపోతుంది?

ప్రశ్న: నాది 2017 మోడల్ ఫోర్డ్ ఎండీవర్ 3.2, ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్. రెండు నెలల కిందట మిత్రులతో వికారాబాద్ వైపు వెళ్లి, కోటిపల్లి దగ్గర వాగుల్లో దింపి తిరిగొచ్చాం. వారం తర్వాత తేడా మొదలైంది. డి లో పెట్టాక బండి కదలడానికి రెండు మూడు క్షణాలు పడుతోంది. రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఊరికే రేస్ అవుతోంది. ఆయిల్ తీయిస్తే గులాబీ రంగు లస్సీలా వచ్చింది. గేర్‌బాక్స్ పోయిందన్నారు. పుత్లీబౌలిలో ఒకాయన దగ్గర ఎండీవర్ 2.2 ఫోర్ బై టూ ఆటోమేటిక్ బాక్స్ ఉంది. తొంభై వేలు చెప్పాడు. "రెండూ ఆరు గేర్లదే సార్, బోల్టుకు బోల్టు కూర్చుంటది" అంటున్నాడు. మా మెకానిక్ ఏమో ల్యాండ్ రోవర్‌లో ఉండేదీ ఇదే బాక్స్, అది వెతుకుదాం అంటున్నాడు. ఫోర్డ్ దేశం వదిలిపోయింది కాబట్టి కొత్తది దొరకదట. ఇంకో మిత్రుడైతే మాన్యువల్ చేయించుకొమ్మని ఒకటే పోరు. ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, మోసపోకుండా ఎట్లా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి, హైదరాబాద్

జవాబు: ఆ తొంభై వేలు ఇంకా చేతిలోనే ఉన్నాయనుకుంటాను. ఉంచుకోండి. ఆ బాక్స్ మీ బండికి పనికిరాదు. ఎందుకో వివరంగా చెప్తాను గానీ, అంతకంటే ముందు తేల్చాల్సింది ఆ గులాబీ రంగు సంగతి. ఉత్తరమంతా బాక్స్ ఎక్కడ దొరుకుతుందనే రాశారు, ఉన్న బాక్స్‌లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో ఎవరూ చూసినట్టు లేదు. అది తేలకుండా ఏ బాక్స్ ఎక్కించినా రేపు దానికీ అదే గతి.

ఆటోమేటిక్ ఆయిల్ ఎర్రగా, అవతలి పక్క కనపడేంత తేటగా ఉండాలి. నీళ్లు కలిస్తేనే అట్లా పాలు పోసినట్టవుతుంది. నీళ్లు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి బ్రీదర్. బాక్స్ లోపలి గాలి వేడికి వ్యాకోచించి బయటికి పోవడానికి పైన సన్న గొట్టం ఉంటుంది. కాగిపోయిన బాక్స్ ఒక్కసారిగా చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, అప్పుడు అదే గొట్టం బయటున్నదాన్ని లోపలికి లాగుతుంది. గొట్టం ఊడిపోయో చిట్లిపోయో ఉంటే లాగేది నీళ్లనే. మీ బండి 800 మిల్లీమీటర్ల నీళ్లలో దిగగలదని ఫోర్డ్ చెప్పింది నిజమే, అది గొట్టాలన్నీ వాటి చోట్ల ఉన్న బండి సంగతి. రెండో దారి ఆయిల్ కూలర్. అందులో ఇంజిన్ కూలెంటూ గేర్‌బాక్స్ ఆయిలూ పల్చటి లోహపు గోడకు అటూ ఇటూ పారుతుంటాయి. ఆ గోడ తూటు పడితే కూలెంట్ నేరుగా బాక్స్‌లోకి వస్తుంది. వాగు దిగడం, ఇది జరగడం ఒకే వారంలో పడి ఉండొచ్చు కూడా. కాబట్టి నేరం వాగుదేనని ఖాయం చేసుకోవద్దు.

ఏ దారో తేల్చడం కష్టం కాదు. కూలెంట్ డబ్బా చూడండి, ఈ రెండు నెలల్లో మట్టం తగ్గిందా, మూత కింద నూనె జిడ్డు ఉందా. తీసిన ఆయిల్ పారబోయకుండా ఉంచితే, చిన్న సీసాలో పోసి ఆయిల్ పరీక్షలు చేసే ల్యాబ్‌కు ఇచ్చి గ్లైకాల్ ఉందేమో చూడమనండి. కూలెంట్‌లో ఉండేది అదే. గ్లైకాల్ ఉంటే కూలర్, ఉత్త నీళ్లూ మట్టీ ఉంటే బ్రీదర్. ఏది తేలినా కూలర్ మాత్రం కొత్తది వేయించండి. లోపలి సన్న దారుల్లో ఇరుక్కున్న చెత్తను కడిగి తీసేశామనే మాట నేను నమ్మను. కొత్త బాక్స్ మొదటి గంటలోనే ఆ చెత్త మింగుతుంది.

నీళ్లు చేసే పాడు గురించీ చెప్పాలి, ఎందుకంటే "ఆయిల్ రెండుసార్లు మారిస్తే సరిపోతది" అనేవాళ్లు కూడా మీకు తగులుతారు. లోపలి క్లచ్ ప్లేట్ల మీద ఉండేది కాగితంలాంటి పదార్థం, ఉక్కు రేకుకు జిగురుతో అంటించి ఉంటుంది. నీళ్లు తగిలితే అది ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది, పెచ్చులుగా ఊడి సోలెనాయిడ్ల (గేరు మార్చడానికి ఆయిల్‌ను కరెంటుతో వదిలి ఆపే వాల్వులు) సన్నటి దారుల్లో అడ్డుపడుతుంది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్‌దీ అదే పరిస్థితి. వాగు దాటిన రోజే ఆయిల్ తీయించి ఉంటే బాక్స్ బతికేదేమో. రెండు నెలలు తిరిగాక, గేరు జారడం మొదలయ్యాక, ఆయిల్ మార్పుతో తిరిగి రాదు. విప్పాలి, లేదా మార్చాలి.

(ఇదే బండి ఉన్న మిగతా పాఠకులకు ఒక మాట. ఆయిల్ శుభ్రంగా ఉండి, ఉన్నట్టుండి గేరు కిందికి పడిపోవడమో స్పీడోమీటర్ చచ్చిపోవడమో జరిగితే బాక్స్ మొత్తం పోయిందని ఒప్పుకోకండి. ఈ బాక్స్‌లో స్పీడ్ సెన్సార్ ఉండే లీడ్ ఫ్రేమ్ అనే ఎలక్ట్రికల్ పలక పాడైతే అచ్చం ఇట్లాగే ఉంటుంది. అమెరికాలో 2011–13 మోడల్ ఎఫ్-150 పికప్‌లను ఫోర్డ్ దీనికే రీకాల్ చేసింది. పలక మారిస్తే తీరేదానికి బాక్స్ అమ్మజూపేవాళ్లకు మన ఊళ్లో కొదవ లేదు.)

ఇక సరిపోయే బాక్స్ సంగతి. మీ బండిలో ఉన్నది ఫోర్డ్ 6ఆర్80. జర్మనీ జెడ్‌ఎఫ్ కంపెనీ 6హెచ్‌పీ26 డిజైన్‌ను లైసెన్సు తీసుకుని ఫోర్డ్ తన పద్ధతిలో చేసుకున్న ఆరు గేర్ల బాక్స్ ఇది. ల్యాండ్ రోవర్ డిస్కవరీలో, బీఎండబ్ల్యూల్లో ఉండేది ఆ జెడ్‌ఎఫ్‌దే. కాబట్టి మీ మెకానిక్ పూర్తిగా తప్పు చెప్పలేదు, మూలం ఒకటే. పనికి మాత్రం రాదు. ఈ బాక్స్‌ల్లో ఇంజిన్‌కు బిగించే బెల్ హౌసింగ్ విడిగా ఊడివచ్చే ముక్క కాదు, బాక్స్ ఒంటితో కలిపి పోతపోసినది. ఏ ఇంజిన్ కోసం పోశారో ఆ ఇంజిన్‌కే బోల్టులు కలుస్తాయి. లోపలి కంట్రోల్ యూనిట్, వైరింగ్ సాకెట్ కూడా వేరు. అమెరికా మస్టాంగ్‌లో, ఎఫ్-150లో పేరుకు కూడా 6ఆర్80నే ఉండేది, అయినా అవీ మీ ఐదు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌కు కూర్చోవు. పేరు కలిసిందంటే కుటుంబం కలిసిందని మాత్రమే.

పుత్లీబౌలి ఆయన బాక్స్ దీనికంటే తెలివైన ఉచ్చు. 2.2, 3.2 ఇంజిన్లు ఒకే శ్రేణివి కాబట్టి ముందు వైపు ఆయన మాట నిజమే కావచ్చు. మీరు వెనక వైపు చూడండి. మన దేశంలో 2.2 ఆటోమేటిక్‌ను ఫోర్ బై టూగానే, అంటే ఇంజిన్ బలం వెనక రెండు చక్రాలకే పోయేలా అమ్మారు. ఆ బాక్స్ వెనక పొడుగాటి తోక హౌసింగ్ ఉండి, అందులోంచి షాఫ్టు నేరుగా వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు పోతుంది. మీ బాక్స్ వెనక ఆ తోక ఉండదు, పొట్టి షాఫ్టు పళ్లతో, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దూరుతుంది. "షాఫ్టు మార్చేద్దాం సార్" అంటాడు. ఆ షాఫ్టు వెనక నుంచి లాగితే వచ్చేది కాదు, గేర్ల సెట్టుతో కలిసి లోపల ఉంటుంది, బాక్స్ సాంతం విప్పితే గానీ రాదు. అంత విప్పే పనైతే మీ బాక్స్‌నే విప్పొచ్చు కదా! పైగా 2.2 ఇంజిన్ టార్క్ 385 న్యూటన్ మీటర్లు, మీది 470. ఆ తేడాను రోజూ మోయాల్సింది లోపలి ప్లేట్లు, కన్వర్టరే. నున్నటి ఔటర్ రింగ్ రోడ్డు మీద తెలియకపోవచ్చు, లో రేంజ్‌లో రాళ్లెక్కేటప్పుడు తెలుస్తుంది.

2020లో వచ్చిన 2.0 ఎండీవర్‌ది పది గేర్ల బాక్స్, మీ బండి కంప్యూటర్‌కు దాని భాషే తెలియదు. పాత తరం 3.0 ఎండీవర్‌ది ఐదు గేర్లది. రెండూ వద్దు.

మీరు వెతకాల్సింది 2016–2019 మధ్య 3.2 ఫోర్ బై ఫోర్ బాక్స్ ఒక్కటే. అందులోనూ మోడల్ చెప్పి అడగొద్దు, నంబరు చెప్పి అడగండి. బండిని లిఫ్ట్ ఎక్కించి, బాక్స్ ఒంటి మీద ఉండే ట్యాగ్‌ను పాత గుడ్డా డీజిలూ పెట్టి తుడిపించి, అక్షరం అక్షరం చదివేలా ఫోటో తీయించండి. ఫోర్డ్ లెక్కలో ఆటోమేటిక్ బాక్స్ అసెంబ్లీకి మూల సంఖ్య 7000, టార్క్ కన్వర్టర్‌కు 7902. వాటి ముందూ వెనకా ఉండే అక్షరాలు ఏ బండికి, ఏ రకానికి, ఎన్నో సవరణకు అనేది చెప్తాయి. ముందు అక్షరాలు కలవకపోతే ఆ బేరం అక్కడితో ఆపేయండి. చివరి అక్షరం ఒక్కటే తేడా ఉంటే చాలాసార్లు అది తర్వాతి సవరణ అయి ఉంటుంది, అయినా మీ ఛాసిస్ నంబరు ఇచ్చి ఫోర్డ్ సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్లో అడిగి నిర్ధారించుకోండి.

ఎవరూ పట్టించుకోనిది, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది, సోలెనాయిడ్ కోడ్. ఫ్యాక్టరీలో ప్రతి బాక్స్ సోలెనాయిడ్లను పరీక్షించి, వాటి ప్రవర్తనకు తగిన కోడ్‌ను ఆ బాక్స్‌కే ట్యాగ్ వేసి పంపుతారు. బాక్స్ మారిస్తే ఆ కొత్త కోడ్‌ను ఫోర్డ్ స్కానర్‌తో బండి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే ఆరోగ్యంగా ఉన్న బాక్స్ కూడా గేరు మారిన ప్రతిసారీ తన్నుతుంది, లేదంటే జారుతుంది. అప్పుడు మీరు "చెడ్డ బాక్స్ అంటగట్టాడు" అని అమ్మినవాడి మీద పోట్లాటకు పోతారు, వాడేమో మీ మెకానిక్‌ను తిడతాడు. ట్యాగ్ చిరిగిపోయిన, ఊడిపోయిన సెకండ్ హ్యాండ్ బాక్స్ ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. బిగించే వర్క్‌షాప్‌ను కూడా ముందే అడగండి: "సోలెనాయిడ్ కోడ్ ఎక్కించే స్కానర్ మీ దగ్గరుందా?" ఆ ప్రశ్నకు అయోమయంగా చూసే చోట బండి వదలకండి.

ఫోర్డ్ సంగతి. 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది గానీ, సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామనీ చెప్పింది. "దొరకదు" అనేది బజారు మాట. ఛాసిస్ నంబరుతో కొత్త బాక్స్ ధర, స్టాకు రాతపూర్వకంగా అడగండి. ధర విని గుండె జారొచ్చు, అయినా బేరాలన్నిటికీ కొలబద్ద అదే. ఇదే బండి థాయ్‌లాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఎవరెస్ట్ పేరుతో విరివిగా అమ్ముడైంది కాబట్టి అక్కడి నుంచి తెప్పిస్తామనే వాళ్లూ ఉంటారు. కొత్త భాగాలకు ఇబ్బంది లేదు. వాడిన భాగాల దిగుమతికి కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) అనుమతి ఉండాలి. అది చూపించకుండా అడ్వాన్స్ అడిగితే ఇవ్వకండి.

సెకండ్ హ్యాండ్‌కు ఊళ్లో పుత్లీబౌలి, వనస్థలిపురం ఆటోనగర్ తిరగండి. రాణిగంజ్ కొత్త సీళ్లు, ఆయిల్, బేరింగుల వంటి వాటికి. అసలు సరుకు ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుప్పేటల్లో ఎక్కువ. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఆంక్ష పెట్టినప్పటి నుంచి ఢిల్లీలో డీజిల్ ఎస్‌యూవీలకు నిలకడ లేదు. అయితే ఎక్కడ కొన్నా, ఆ బాక్స్ ఏ బండిలోంచి, ఆ బండి ఎందుకు తుక్కుకు వచ్చిందో అడగండి. వెనక నుంచి గుద్దించుకున్న బండైతే మేలు. ముందు గుద్దుకున్నదైతే బెల్ హౌసింగ్ చుట్టూ బోల్టులు పట్టే చెవుల దగ్గర పగుళ్లు వెతకండి. వరద బండి మాత్రం అసలు వద్దు. 2020 అక్టోబర్‌లో మన ఊళ్లో, 2023 డిసెంబర్‌లో చెన్నైలో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో మునిగిన బండ్లు ఎన్నో తుక్కుకు చేరాయి. నీళ్లు తాగిన బాక్స్ తీసేసి, ఇంకో నీళ్లు తాగిన బాక్స్ డబ్బు పెట్టి కొనుక్కున్నట్టవుతుంది.

పట్టుకోవడం ఇట్లా. బాక్స్ బయట ప్రెషర్ వాష్‌తో తళతళలాడుతుంటే మురిసిపోవద్దు. వైరు సాకెట్ లోపలికి టార్చి కొట్టి చూడండి. పిన్నుల మొదట్లో ఎండిన బురద పొడి గానీ పచ్చటి తుప్పు గానీ కనపడితే అది మునిగిన బాక్స్. బ్రీదర్ మూతి తడిమి చూడండి, మట్టి కరకరలాడిందంటే అంతే. ఆయిల్ ప్లగ్ విప్పించి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వేయించండి. ఎరుపు సమంగా పాకితే బాగు, అంచున నీటి వలయం విడిగా ఏర్పడితే నీళ్లు, నల్లగా మాడు వాసన వస్తే ప్లేట్లు కాలినట్టు. విప్పనివ్వనంటే కొననని చెప్పండి. బిల్లులో దాత బండి, అంటే ఆ బాక్స్ తీసిన బండి ఛాసిస్ నంబరు రాయించుకోండి. దొంగ బండి భాగమని తేలితే, తెలిసీ కొన్నవాడి మీద కూడా భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసవుతుంది. "నాకు తెలియదు సార్" అనడానికి ఆ బిల్లే ఆధారం.

ఇన్ని చెప్పాక నా సలహా ఏమిటంటే, సెకండ్ హ్యాండ్ బాక్స్ వెతకడానికి ముందు మీ బాక్స్‌నే విప్పించి చూడండి. కేసింగ్, గేర్లు, షాఫ్టు బాగుంటే, నీళ్లు పాడుచేసే భాగాలన్నీ మార్చుకోగలిగినవే: క్లచ్ ప్లేట్ల కిట్టు, సీళ్లు, ఫిల్టర్, సోలెనాయిడ్ బాడీ, టార్క్ కన్వర్టర్. ఎఫ్-150, మస్టాంగ్ పుణ్యమా అని 6ఆర్80 లోపలి కిట్లు ప్రపంచమంతా దొరుకుతాయి. మీ బండి హౌసింగూ మీ వెనక షాఫ్టూ అట్లాగే ఉంటాయి, కలుస్తుందా లేదా అనే పీడే ఉండదు. కొత్త సోలెనాయిడ్ బాడీ దానితో వచ్చే కోడ్ ఎక్కించుకుంటే చాలు. కన్వర్టర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పాతదాన్ని ఆయిల్‌తో కడిగి పెట్టేస్తామంటారు, దాని లోపల ఊడిన పెచ్చులు అట్లాగే ఉంటాయి. కోయించి రీబిల్డ్ చేయించాలి, లేదా కొత్తది. లోపల గేర్లు అరిగిపోయి, కేసింగ్‌లో గీతలు పడి ఉంటే అప్పుడు 3.2 దాత బాక్స్ వేటకు వెళ్లండి. అప్పటిదాకా మీ పాత బాక్స్‌ను ఎక్స్‌చేంజ్ కింద ఎవరికీ ఇవ్వకండి.

బిగించే రోజు కుదిరితే మీరు అక్కడుండండి. కన్వర్టర్‌ను బాక్స్‌లోకి తోసి తిప్పుతుంటే అది దశలుగా లోపలికి జారుతుంది, టక్, టక్ అని తెలుస్తుంది. చివరి టక్ రాకుండానే బాక్స్ ఎత్తి ఇంజిన్‌కు బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగిలిపోతుంది, స్టార్ట్ చేసిన రోజే బాక్స్ మళ్లీ కిందికి. సరిగ్గా కూర్చున్నదైతే, బెల్ హౌసింగ్ బోల్టులన్నీ బిగించాక కూడా కన్వర్టర్ చేత్తో తిప్పితే తిరగాలి, కొద్దిగా ముందుకు లాగితేనే ఇంజిన్ వైపు ఉండే ఫ్లెక్స్ ప్లేట్ అనే పలకను తాకాలి. తిరగకపోతే అక్కడే ఆపించండి. ఆయిల్ మెర్కాన్ ఎల్‌వీ (ఈ బాక్స్‌కు ఫోర్డ్ చెప్పిన రకం) తప్ప ఇంకోటి పోయనివ్వకండి. మట్టం చూసేది బాక్స్ పూర్తిగా వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చదువుతూ. చల్లని బాక్స్‌లో చూసిన మట్టం మట్టం కాదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీ ఇట్లాంటి నీటి నష్టానికి ఇవ్వదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే అందులో గేర్‌బాక్స్ పేరుందేమో చదవండి. చాలావాటిలో ఉంటుంది. ఉంటే బాక్స్ విప్పకముందే క్లెయిమ్ సమాచారం ఇవ్వండి, విప్పాక సర్వేయర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. ఆలస్యమైందని అభ్యంతరం చెప్పొచ్చు, అయినా అడగడానికి ఖర్చేం లేదు.

మాన్యువల్ ముచ్చట మీ మిత్రుడికే వదిలేయండి. 2.2 ఫోర్ బై ఫోర్ మాన్యువల్ బండి ఇక్కడ అమ్మారు కాబట్టి సామాను లెక్కకైతే దొరకొచ్చు. కానీ క్లచ్ పెడల్ సెట్టు, ఫ్లైవీల్, ప్రొపెల్లర్ షాఫ్టు, ఆటోమేటిక్ బాక్స్ కోసం వెతికే బండి కంప్యూటర్, టెర్రైన్ మోడ్‌లు, అన్నిటినీ ఒప్పించాలి. ఆ ఖర్చులో మీ బాక్స్ బాగవుతుంది. అమ్మబోయినా అట్లాంటి బండికి కొనేవాడు దొరకడు.

ఒక్క విషయం ఇవాళే చేయండి, బండిని నడపడం ఆపేయండి. సైనిక్‌పురి నుంచి వర్క్‌షాప్‌కు తీసుకెళ్లేటప్పుడు తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే బాక్స్ పంపు తిరగదు, లోపల ఆయిల్ పారదు, చక్రాలు మాత్రం షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించండి. మీ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఫోన్ చేసేటప్పుడే "ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ కావాలి" అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే ముందు చక్రాలు ఎత్తే క్రేను పంపిస్తారు.